భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 30 నుంచి 2025 జూన్ 3 లోపు భారత మహిళల జట్టు బెంగళూరులోనే నాలుగు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది. మాల్దీవుల మీద 14–0, 11–1తో గెలిచింది. ఉజ్బెకిస్తాన్ చేతిలో రెండుసార్లూ 0–1తో ఓడింది. ఊళ్లో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు అడిగేవి, ఆడపిల్లల్ని ఆటలో చేర్పించినవాళ్లు అడిగేవి కలిపి ఇక్కడ పెట్టాం.

ఈ జట్టు ప్రపంచకప్ ఎప్పుడైనా ఆడిందా?

సీనియర్ జట్టు ఒక్కసారీ ఆడలేదు. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో ఆతిథ్య దేశం కాబట్టి మన అమ్మాయిలకు చోటు దక్కింది. భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0–8, మొరాకో చేతిలో 0–3, బ్రెజిల్ చేతిలో 0–5తో ఓడారు.

ఆసియా జట్లకు ప్రపంచకప్ దారి ఆసియా కప్ మీదుగానే. 2027 బ్రెజిల్ ప్రపంచకప్‌కు లెక్క ఇది: 2026 ఆసియా కప్‌లో సెమీస్ చేరిన నాలుగు జట్లకు నేరుగా చోటు. క్వార్టర్స్‌లో ఓడిన నాలుగింటికి ప్లేఆఫ్. అందులో నెగ్గిన రెండింటికి చోటు, ఓడిన రెండింటికి వేరే ఖండాల జట్లతో ఇంకో ప్లేఆఫ్. ఆసియా కప్‌లో 12 జట్లు, మూడు గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు, మూడో స్థానంలో ఉన్నవాటిలో మెరుగైన రెండు క్వార్టర్స్‌కు వెళ్తాయి. అంటే ఒక్క మ్యాచ్ గెలిచినా క్వార్టర్స్ ఆశ ఉంటుంది, గోల్ తేడా మరీ పాడవకపోతే. అందుకే జపాన్ లాంటి జట్టు చేతిలో 0–2తో ఓడటం, 0–8తో ఓడటం ఒకటి కాదు. మ్యాచ్ ఎలాగూ పోయిందని చివరి పావుగంట వదిలేస్తే, ఆ గోల్స్ మూడోస్థానం లెక్కలో మెడకు చుట్టుకుంటాయి.

ఒకప్పుడు ఆసియాలో రెండో స్థానమని చెబుతారు. నిజమేనా?

నిజమే, రెండుసార్లు. 1979 ఆసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్లో చైనీస్ తైపీ (తైవాన్) చేతిలో 0–2తో, 1983లో బ్యాంకాక్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0–3తో ఓడి రన్నరప్. మధ్యలో 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1979 టోర్నీని కోజికోడ్‌లో నిజానికి 1980 జనవరిలో ఆడారు. రెండు సంవత్సరాలూ రాతల్లో కనిపిస్తాయి, టోర్నీ మాత్రం ఒకటే. ఆతిథ్య దేశంగా మనం రెండు జట్లను దించాం, ఉత్తర భారత్ ఒకటి, దక్షిణ భారత్ ఒకటి. ఫైనల్ ఆడింది దక్షిణ జట్టు.

అప్పట్లో ఆటను నడిపింది ఇప్పటి సమాఖ్య కాదు, 1975లో పెట్టిన భారత మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య. ఆ తరం నుంచి శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున అవార్డు వచ్చింది. మహిళా ఫుట్‌బాల్‌కు అదే మొదటిది.

ఆ పతకాలను తక్కువ చేయక్కర్లేదు గానీ, ఎదురుగా ఎవరున్నారో కూడా చూడాలి. చైనా ఈ టోర్నీకి మొదటిసారి వచ్చింది 1986లో, వచ్చిన ఏడాదే కప్పు ఎత్తుకుపోయింది. కాబట్టి ‘అప్పట్లో ఆసియాలో రెండో స్థానం, ఇప్పుడు ఇంత దిగజారిపోయాం’ అనే మాట సగమే నిజం. మనం దిగినదానికన్నా పక్కవాళ్లు ఎక్కింది ఎక్కువ. వాళ్లు ఎక్కుతున్న ఏళ్లలో మనం మ్యాచ్‌లే ఆడకపోవడం మిగతా సగం.

మ్యాచ్‌లే ఆడకపోవడమంటే?

ఈ జట్టు రికార్డులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. 1998 ఆసియా క్రీడల్లో చైనా చేతిలో 0–16, మన చరిత్రలో అతి పెద్ద ఓటమి. ఓటమి నుంచి కోలుకోవాలంటే ఆడుతూ ఉండాలి. 2003 తర్వాత ఆసియా కప్ ప్రధాన టోర్నీలో మళ్లీ మన పేరు కనిపించింది 2022లోనే. 2007లో ఒలింపిక్ క్వాలిఫయర్లు ఆడాక 2010 జనవరిలో దక్షిణాసియా క్రీడల దాకా అంతర్జాతీయ మ్యాచ్ లేదు. 18 నెలలు ఆడని జట్టును అప్పట్లో ఫిఫా ర్యాంకుల జాబితా నుంచి తీసేసేవారు, 2009లో మనకు అదే జరిగింది. 20 ఏళ్ల వయసులో ఉన్న క్రీడాకారిణికి ఆ రెండున్నరేళ్లు మళ్లీ రావు.

ఆ తర్వాత వరసగా ఆడటం మొదలుపెట్టిన నాలుగేళ్లకే, 2013లో, 49వ ర్యాంకు వచ్చింది. అదే ఇప్పటికీ మన అత్యుత్తమ ర్యాంకు.

దక్షిణాసియాలో మాత్రం మనదే రాజ్యం కదా?

2019 దాకా అంతే. సాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాంపియన్‌షిప్ మొదటి ఐదూ మనవే:

2010, కాక్స్ బజార్: ఫైనల్లో నేపాల్ మీద 1–0
2012, కొలంబో: నేపాల్ మీద 3–1
2014, ఇస్లామాబాద్: నేపాల్ మీద 6–0
2016, సిలిగురి: బంగ్లాదేశ్ మీద 3–1 (ఫైనల్ జరిగింది 2017 జనవరిలో)
2019, బిరాట్‌నగర్: నేపాల్ మీద 3–1

దక్షిణాసియా క్రీడల్లో 2010, 2016, 2019 స్వర్ణాలూ మనవే, మూడు ఫైనళ్లలోనూ ఎదురుగా నేపాలే. 2019 ఫైనల్లో 2–0, రెండు గోల్సూ బాలాదేవివి. మన అతి పెద్ద విజయం కూడా ఈ ఖాతాలోదే: 2010 సాఫ్‌లో భూటాన్ మీద 18–0.

2022లో కాఠ్‌మాండూలో కథ మారింది. గ్రూపులో బంగ్లాదేశ్ చేతిలో 0–3తో ఓడాం. సాఫ్‌లో మనకు అదే మొదటి ఓటమి. సెమీస్‌లో నేపాల్ 1–0తో ఇంటికి పంపింది. 2024లో మళ్లీ కాఠ్‌మాండూలోనే బంగ్లాదేశ్ చేతిలో 1–3, సెమీస్‌లో నేపాల్‌తో 1–1 అయ్యాక పెనాల్టీల్లో 2–4. ఆ సెమీస్‌లో గోల్ ఇవ్వలేదని నేపాల్ జట్టు అడ్డం తిరగడంతో ఆట గంటకు పైగా ఆగిపోయింది. చల్లబడ్డ కాళ్లతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది రెండు జట్లకూ, కాబట్టి దాన్ని సాకుగా చెప్పలేం. ఆ రెండు కప్పులూ బంగ్లాదేశ్‌వే.

బంగ్లాదేశ్ ఎలా ఎదిగిందంటే జవాబులో మాయ ఏమీ లేదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని ఎంచుకుని, ఢాకాలో సమాఖ్య భవనంలోనే ఉంచి, ఏళ్ల తరబడి ఒకే గుంపుగా తయారుచేశారు. అండర్-16లో కలిసి ఆడినవాళ్లే సీనియర్ జట్టులోనూ పక్కపక్కన ఆడారు. మన క్యాంపులు చాలాకాలం టోర్నీకి కొన్ని వారాల ముందు మొదలై, టోర్నీ అయిన మర్నాడు ముగిసేవి.

2022 ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. అందులో మన ఫలితాలు ఎక్కడా కనిపించవేం?

పట్టికలోంచే కొట్టేశారు కాబట్టి. 2022 జనవరి 20న నవీ ముంబయిలో ఇరాన్‌తో 0–0. అవకాశాలు మనవే ఎక్కువ, గోల్ మాత్రం పడలేదు. 23న చైనీస్ తైపీతో మ్యాచ్. ఆలోపే క్యాంపులో కరోనా పాకింది. నిబంధన ప్రకారం కనీసం 13 మంది అందుబాటులో ఉండాలి, అంతమంది లేరు. మ్యాచ్ ఆడలేని జట్టు టోర్నీ నుంచి తప్పుకున్నట్టే లెక్క, వాయిదా వేసే ఏర్పాటు లేదు. తప్పుకున్న జట్టు అంతకుముందు ఆడిన మ్యాచ్ కూడా చెల్లదు. అందుకే ఇరాన్‌తో డ్రా పట్టికలోంచి పోయింది, గ్రూపులో మూడు జట్లే మిగిలాయి.

ఆ ఏడాదే ఇంకో దెబ్బ. 2022 ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను నిషేధించింది. పదకొండు రోజుల్లోపే ఎత్తేసింది గానీ, అప్పటికే తాష్కెంట్ చేరుకున్న గోకులం కేరళ క్లబ్బు అమ్మాయిలు ఆసియా క్లబ్ ఛాంపియన్‌షిప్ ఆడకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. ఆటగాళ్ల తప్పు ఏమీ లేకుండా పోయిన మ్యాచ్‌లు ఈ జట్టు ఖాతాలో చాలానే ఉన్నాయి.

2025లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో గెలిచింది ఎందుకంత పెద్ద విషయం?

క్వాలిఫయర్లు ఆడి, నెగ్గి ఆసియా కప్‌కు వెళ్లడం అదే మొదటిసారి. ఎనిమిది గ్రూపులు, గ్రూపుకు ఒక్క జట్టే ముందుకు. మన గ్రూపులో ఆతిథ్య జట్టు థాయ్‌లాండ్. అప్పటికి వాళ్ల ర్యాంకు 46, మనది 70. అంతకుముందు వాళ్లను ఎన్నడూ ఓడించలేదు.

మంగోలియా మీద 13–0 (ప్యారీ ఖాఖా ఒక్కతే ఐదు కొట్టింది), తైమూర్ లెస్తే మీద 4–0, ఇరాక్ మీద 5–0. జులై 5న చివరి మ్యాచ్‌కు వచ్చేసరికి భారత్, థాయ్‌లాండ్ పాయింట్లలోనూ సమానం, గోల్ తేడాలోనూ సమానం. 29వ నిమిషంలో సంగీతా బాస్ఫోర్ పెనాల్టీ పెట్టె బయటి నుంచి కొట్టిన షాట్‌తో ఆధిక్యం. విరామం నుంచి వచ్చిన రెండు నిమిషాలకే థాయ్‌లాండ్ సమం చేసింది. 74వ నిమిషంలో మళ్లీ సంగీతే, ఈసారి తలతో. 2–1. సంగీత గోల్స్ కోసం పెట్టుకున్న ఆటగత్తె కాదు, మధ్యలో నిలబడి బంతి లాక్కుని పంచే మనిషి. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి.

ఈ టోర్నీకి వెళ్లేముందు క్యాంపు పెట్టింది బెంగళూరులోనే. ఉజ్బెకిస్తాన్ చేతిలో ఆ రెండు 0–1 ఓటములు చూసి పెదవి విరిచినవాళ్లున్నారు. తమకన్నా పైర్యాంకు జట్టును 90 నిమిషాలు ఒక్క గోల్‌కు కట్టడి చేయడం ఎలాగో అక్కడే సాధన చేశారు. మాల్దీవుల మీద కొట్టిన పాతిక గోల్స్ కన్నా చియాంగ్ మాయ్‌లో పనికొచ్చింది ఆ రెండు ఓటములే.

2026 ఆసియా కప్ వేదిక ఆస్ట్రేలియా. గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. దక్షిణాసియా నుంచి బంగ్లాదేశ్ కూడా అర్హత సాధించింది.

ఒకే జట్టు 15–0తో గెలుస్తుంది, ఆ వారమే 0–10తో ఓడుతుంది. ఇదెలా?

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల గురించి అడుగుతున్నారు. మాల్దీవుల మీద 15–0, దక్షిణ కొరియా, థాయ్‌లాండ్‌ల చేతిలో చెరో 0–10. మహిళల ఫుట్‌బాల్‌లో దేశాల మధ్య అంతరాలు ఇంకా పెద్దవే, మెట్టుకీ మెట్టుకీ మధ్య గోడంత ఎత్తుంటుంది. మనం మధ్య మెట్టు మీద ఉన్నాం.

ఆటలో చూస్తే ఇది చివరి అరగంటలో బయటపడుతుంది. పై జట్లు బంతిని ఒకటి రెండు తాకుళ్లలో తిప్పేస్తాయి. వెంటపడి, వెంటపడి మన మిడ్‌ఫీల్డ్ 60వ నిమిషానికి అలిసిపోతుంది. డిఫెండర్లు తమ పెట్టె దగ్గరికి జారుకుంటారు, ముందూ వెనకా వరసల మధ్య ఇరవై, ముప్ఫై గజాల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోంచే గోల్స్ పడతాయి. ఇది ధైర్యం చాలక వచ్చేది కాదు, ఏడాదికి ఎన్ని గట్టి మ్యాచ్‌లు ఆడారన్నదాన్ని బట్టి వచ్చేది.

లీగ్ సంగతే చూడండి. ఇండియన్ విమెన్స్ లీగ్ 2017లో మొదలైంది. 2019–20 చివరి దశ మన బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలోనే, 2020 జనవరి 24 నుంచి ఫిబ్రవరి 14 వరకు. 12 జట్లు, రెండు గ్రూపులు. ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు కూడా ఆ దశలో ఏడే మ్యాచ్‌లు, మూడు వారాల్లో అయిపోయాయి (గోకులం కేరళ 3–2తో క్రిప్సాను ఓడించి గెలిచింది). సొంత ఊళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి అనే పద్ధతి వచ్చింది 2023–24లో. నెలల తరబడి వారం వారం ఆడే లీగ్‌కు, ఏడాదికోసారి జరిగే తిరునాళ్ల లాంటి టోర్నీకి తేడా చియాంగ్ మాయ్‌లో కొంత కనిపించింది.

స్కోరు చదివేటప్పుడు మూడు చూడండి: ఎదుటి జట్టు ర్యాంకు, మ్యాచ్ టోర్నీదా స్నేహపూర్వకమా, 60వ నిమిషానికి స్కోరెంత. మూడోది చాలామంది చూడరు.

ఒలింపిక్స్, ఆసియా క్రీడల్లో?

ఒలింపిక్స్ ఆడలేదు. దగ్గరగా వెళ్లింది టోక్యో క్వాలిఫయర్లలో. మొదటిసారి రెండో రౌండు చేరి, 2019 ఏప్రిల్‌లో మాండలేలో ఇండోనేషియా మీద 2–0, నేపాల్ మీద 3–1, మయన్మార్‌తో 3–3. పాయింట్లు సమానమైనా గోల్ తేడాతో మయన్మార్ వెళ్లింది. పారిస్ క్వాలిఫయర్లలో కిర్గిజ్ జట్టును దాటినా, తాష్కెంట్‌లో జపాన్ చేతిలో 0–7, వియత్నాం చేతిలో 1–3, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0–3తో ఓడాం. ఆసియా క్రీడల్లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీ చేతిలో 1–2, థాయ్‌లాండ్ చేతిలో 0–1.

జట్టులో తెలుగమ్మాయిలు ఉన్నారా?

గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, రెక్క మీదుగా దూసుకెళ్లే వింగర్. గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కు వెళ్లింది, తర్వాత ఈస్ట్ బెంగాల్. చియాంగ్ మాయ్ జట్టులోనూ ఉంది. బెంగళూరులో మ్యాచ్ జరిగినప్పుడు తెలుగులో పేరు పెట్టి అరిస్తే ఆమెకు అర్థమవుతుంది, సందేహం అక్కర్లేదు.

మొత్తంగా చూస్తే జట్టుకు పునాది మణిపూర్. బెంబెం దేవి, బాలాదేవి, ఆశాలతా దేవి ముగ్గురూ అక్కడివాళ్లే. బాలాదేవి 2020లో స్కాట్లాండ్‌లో రేంజర్స్‌కు ఆడింది. ఆశాలత 100 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మొదటి భారత మహిళ. 2021లో మనౌస్‌లో బ్రెజిల్ మీద గోల్ కొట్టిన మనీషా కల్యాణ్ పంజాబ్‌ది. మ్యాచ్ 1–6తో పోయింది, ఎనిమిదో నిమిషంలో కొట్టిన ఆ గోల్ మాత్రం ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్లున్నారు.

బెంగళూరులో మహిళల మ్యాచ్‌లు ఎక్కడ చూడొచ్చు?

మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. అశోక్‌నగర్‌లో గరుడ మాల్ పక్కన ఉన్న బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియం: రాష్ట్ర సంఘం నడిపే లీగులకు అదే అడ్డా. ఎంజీ రోడ్ మెట్రో దిగి నడవొచ్చు. శ్రీ కంఠీరవ స్టేడియం: పెద్ద మ్యాచ్‌లకు. కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు పర్పుల్ లైన్లో కబ్బన్ పార్క్ స్టేషన్ సులువు. మూడోది యలహంక వైపున్న పదుకొణె–ద్రావిడ్ క్రీడా కేంద్రం. మొదట చెప్పిన నాలుగు మ్యాచ్‌లూ అక్కడే. అది శిక్షణ కేంద్రం, స్టేడియం కాదు. లోపలికి పంపుతారో లేదో ముందే కనుక్కోకుండా మారతహళ్లి నుంచి బయల్దేరకండి, ఆ ట్రాఫిక్‌లో వెనక్కి రావడం ఒక శిక్ష.

మా పాప ఇక్కడే చదువుతోంది, సొంతూరు అనంతపురం. ఏ రాష్ట్రానికి ఆడాలి?

ఏ రాష్ట్ర క్లబ్బులో లేదా అకాడమీలో నమోదైతే ఆ రాష్ట్రం దారిలోనే వెళ్తుంది. ఇక్కడి క్లబ్బు అయితే కర్ణాటక. ఒకే సమయంలో రెండు చోట్ల నమోదు కుదరదు. నమోదు సమాఖ్య ఆన్‌లైన్ పద్ధతిలో క్లబ్బే చేస్తుంది. మీరివ్వాల్సింది జనన ధ్రువపత్రం, ఆధార్, ఫొటో, మైనర్ అయితే తల్లిదండ్రుల సంతకం. పాస్‌పోర్టు ముందే తీసిపెట్టండి. వయసు విభాగపు జాతీయ క్యాంపుకు పిలుపొచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.

మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇంటిపేరు దగ్గర. జనన పత్రంలో ‘బి. హారిక’, ఆధార్‌లో ‘బోయ హారిక’, స్కూలు రికార్డులో ‘హారిక బి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మనింట్లో అందరికీ అది ఒకే అమ్మాయి, కంప్యూటర్‌కు నలుగురు. ముందు జనన పత్రం సరిచేయించండి, తర్వాత దాన్నిబట్టి ఆధార్, ఆ తర్వాతే పాస్‌పోర్టు. తలకిందులుగా చేస్తే ఒక్కోదాన్నీ రెండుసార్లు మార్చాలి. పుట్టిన చాలా ఏళ్లకు నమోదు చేయించిన జనన పత్రం మీద అండర్ విభాగాల్లో ప్రశ్నలు వస్తాయి. ఆస్పత్రి కాగితాలు దాచి ఉంచండి.

బంతి, బూట్లు ఏవి కొనాలి?

ఎనిమిదేళ్ల లోపు 3వ సైజు బంతి, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 4, ఆ తర్వాత 5. అమ్మాయిలకు వేరే సైజు లేదు. జాతీయ జట్టు ఆడేదీ 5తోనే, అదే 90 నిమిషాలు, అదే 7.32 మీటర్ల గోల్.

బూట్ల దగ్గర జాగ్రత్త. బెంగళూరులో పిల్లలు ఆడేది ఎక్కువగా కృత్రిమ టర్ఫ్ మీద. గడ్డి మైదానం కోసం చేసిన పొడుగు స్టడ్స్ వేసుకుని టర్ఫ్ మీద ఆడితే, పక్కకు తిరిగినప్పుడు పాదం అక్కడే పట్టుకుపోతుంది, మోకాలు మాత్రం తిరుగుతుంది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగేది తరచుగా ఇలాగే, అదీ ఎవరూ తగలకుండానే. ఈ గాయం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. టర్ఫ్‌కు పొట్టిగా, ఎక్కువ సంఖ్యలో ఉన్న రబ్బరు స్టడ్స్ కొనండి. వేలికీ బూటు మొనకూ మధ్య బొటనవేలి వెడల్పులో సగం చాలు. పెరిగే పిల్లలని రెండు సైజులు పెద్దది కొనొద్దు.

వేడెక్కే వ్యాయామం ఎంతసేపు?

ఫిఫా 11+ అనే క్రమం ఉంది, 20 నిమిషాలు. మెల్లగా పరుగు 8 నిమిషాలు. బలం, గెంతులు, ఒంటికాలి నిలకడ 10 నిమిషాలు. వేగంగా పరుగు, దిశ మార్పులు 2 నిమిషాలు. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. చాలాచోట్ల మైదానం అద్దె గంట లెక్కన ఉంటుంది కాబట్టి మధ్యలో ఉన్న పది నిమిషాలే కోసేస్తారు. మోకాలిని కాపాడేది ఆ పదే. అద్దె సమయం మొదలవకముందే గేటు బయట చేయించమని కోచ్‌ను అడగండి.

మాకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నాయి. పాప భారత్‌కు ఆడొచ్చా?

జాతీయ జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టే ఉండాలి. ఓసీఐ చాలదు.